చిన్న త్రికోణాలు

వరద తీసిన మూడో వారం.
వైనతేయ మీద పంటు ఇంకా తిరగట్లేదు.
నావలో నా కాళ్ల మధ్య ఐసుపెట్టె,
ఎదుటాయన కాళ్ల మధ్య ఇంకోటి.
అందులో రొయ్యలు, ఇందులో ఖాళీ గొట్టాలు.
"మీది ఎంత కౌంటండీ?" అన్నాడు.
ఇంకా తెలీదన్నాను.

వీరవేణి ఇంటి అరుగు మీద ఒండ్రు ఆరి బీటలేసింది.
గోడ మీద నీటి గీత నా భుజం దాకా ఉంది.
ఇద్దరు మగపిల్లలు.
ఒకడికి నాలుగు నెలలు, ఒకడికి ఆరు,
అంతవరకే.
నోటి నిండా తెల్లపూత, కట్టుకోని విరేచనాలు,
చంకలో మానని టీకా గడ్డ.
మొదటివాణ్ణి గాలి తీసుకుపోయిందన్నారు.
రెండోవాడప్పుడు ఆమె జాతకం అన్నారు.
మధ్యలో నిలవని రెండు కడుపులకి
ఏమీ అనలేదు, లెక్కలోకే రానట్టు.

కాగితం పరిచాను.
ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి గడి,
పోయినవాళ్ల మీద ఏటవాలుగా ఒక గీత,
మేనరికానికి జంట గీత.
నిండేసరికి అది ధవళేశ్వరం దిగువన ఏరులా ఉంది,
పాయలు విడిపోయి
ఎక్కడో ఒక పిల్లకాలవలో మళ్లీ కలుసుకుని.

నాగశివ అడిగాడు,
ఏటిగట్టు మీద తొమ్మిది రాత్రులు కాపలా కాసిన కళ్లతో:
"ఏం తక్కువైందండీ నా పిల్లలకి?"
డాక్టరుగారు నేర్పిన మాటలు గొంతు దాటలేదు.
గట్టు బానే ఉంది, అన్నాను,
దాని మీద మనుషులే లేరు.
లాంతరు లేదు, ఇసకబస్తా లేదు,
కేకేస్తే పలికేవాడు లేడు.
ఏటికి ఆ సంగతి తెలిసిపోయింది.
"ఎందుకు లేరు?"
మూడొందల కోట్ల అక్షరాల్లో
ఒక్కటి తప్పు పడి ఉండొచ్చు, వెతుకుతున్నాం.
అతను నమ్మాడు.
మొన్న గండి పడింది కూడా ఎలక బొరియ దగ్గరేనట.

ఇద్దరి రక్తమూ తీశాను.
పల్లాలమ్మ మాత్రం పీచుతాడు పేనుతూ తలెత్తలేదు.
"నాదెందుకు? నే కన్నోళ్లు బతికే ఉన్నారుగా.
తమ్ముడి కూతురని చేసుకుంటే ఇలా అయ్యింది."
లోపల గిన్నె ఏదో జారిపడింది.

రేవు దాకా నా వెనకే వచ్చింది ముసలామె.
"పోయినోళ్లకి గీత పెట్టావు సరే,
పుట్టకుండా పోయినోళ్లకి ఏం పెడతారమ్మా?"
చిన్న త్రికోణం, అన్నాను.
కాసేపు నీళ్లకేసి చూసింది.
"నాకు మూడు ఎయ్యి.
మా ఆయనకి రెండే తెలుసు."
నావవాడు రమ్మని కేకేస్తున్నాడు.
తడి మెట్టు మీదే కూర్చుని
చీర పైకి లాగి చెయ్యి చాపింది.
నరం పీచుతాడులా వెంటనే వేలికి తగిలింది.

ఎనిమిది నెలలు పట్టింది.
దొరికింది: ఒక్క అక్షరం.
వీరవేణిలో ఒక పక్క, నాగశివలో ఒక పక్క,
పల్లాలమ్మలోనూ ఒక పక్క.
ఒక పక్కే అయితే మనిషి నిక్షేపంగా బతుకుతాడు.
రెండు పక్కలా పడినవాడికే కాపలా ఉండదు.
ఆమె మూడు త్రికోణాల సంగతి మాత్రం
కాగితంలో ఎక్కడా లేదు.
అడిగితే పై డాక్టరుగారు
"దానికి వేరే పరిశోధన కావాలి" అన్నారు.
నేను అదే చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది.

"అంటే," అంది చాలాసేపటికి,
"నేనొకసారి, దాని తండ్రొకసారి,
మా పుట్టింటి నించి పంచుకుని తెచ్చిన సారె అన్నమాట."
తాడు పక్కన పడేసింది.
"ఇక్కడొద్దు. అరుగు మీదకి రా.
కాస్త గట్టిగా చదువు,
మా ఈధి ఈధంతా నా కోడల్ని అంది కదా."

చదివాను. అంతగట్టిగా నేనెప్పుడూ ఏదీ చదవలేదు.
పక్కింట్లో రుబ్బురోలు ఆగింది.
ఎదురింటి ఆమె ఆరేసిన చీరనే మళ్లీ ఆరేసింది.

వీరవేణి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.
మూడో నెల. బయటికింకా తెలియట్లేదు.
ఏడుస్తుందేమో అనుకున్నాను.
"కాకినాడ సూది మంగళవారమేనాండీ," అంది,
"పొద్దున్న మొదటి పంటుకే రావాలా?"